కరివేపాకు దాచిన కథానాయకుడు

నేను రాసిన మొట్టమొదటి నాటకం ఒళ్లుమంటలోంచి పుట్టింది. సామాజిక స్పృహ, అంతర్మథనం లాంటి పెద్ద పెద్ద మాటలు చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. కరివేపాకు దొరకలేదు, అంతే సంగతి.

అది 2007 చలికాలం. అప్పటికి మేము అమెరికాలో, అరోరా అనే ఊళ్లో కాపురం ఉంటున్నాం. మా ఆయనకి హెచ్-వన్ వీసా, నాకు దాని తోక హెచ్-ఫోర్. అంటే వండుకోవచ్చు, తినొచ్చు, కిటికీలోంచి మంచు కురవడం చూడొచ్చు. ఉద్యోగం మాత్రం చేయకూడదు. గుంటూరులో డిగ్రీ పిల్లలకి తెలుగు పాఠాలు చెప్పిన నోరు నాది. వెనక బెంచీలవాళ్లని ఒక్క కేకతో నిలబెట్టేదాన్ని. ఇక్కడ ఆ నోటికి దొరికింది మా ఆయన ఒక్కరే. ఆయన మంచివారు కాబట్టి విన్నట్టు నటించేవారు.

ఆ ఏడు ఏమైందో ఏమో, ఇండియన్ షాపుల్లోకి కరివేపాకు రావడం మానేసింది. అడిగితే "నెక్స్ట్ వీక్ పక్కా అక్కా" అనేవాడు కౌంటర్లో కుర్రాడు. ఆ నెక్స్ట్ వీక్ రానూ లేదు, పోనూ లేదు. మా తెలుగువాళ్లలో నలుగురైదుగురి ఇళ్లలో కుండీల్లో చెట్లున్నాయని అందరికీ తెలుసు. సిగ్గు విడిచి ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. అందరూ ఒకటే మాట: "పోయిందండీ, చలికి." ఆ గొంతులో దుఃఖం వింటే నాకే పాపం అనిపించి, నేనే ఓదార్చి ఫోన్ పెట్టేదాన్ని.

తీరా వాళ్లిళ్లకి భోజనాలకి వెళ్తే పులిహోరలో నవనవలాడుతూ కరివేపాకు! మజ్జిగ పులుసులో కరివేపాకు! చచ్చిపోయిన చెట్టుకి అంత పచ్చటి ఆకులెక్కడివి? మన దేశంలో అక్కర తీరాక మనిషిని కూరలో కరివేపాకులా తీసి పారేశారంటాం. అమెరికాలో ఆ సామెత తిరగబడింది. మనిషిని తీసి పారేసి కరివేపాకుని ఫ్రీజర్లో దాచుకుంటున్నారు.

సరిగ్గా ఆ మంటలో ఉండగా మా తెలుగు సంఘం అధ్యక్షుడి నుంచి ఫోన్ వచ్చింది.

"మేడమ్, మీరు ఇండియాలో తెలుగు లెక్చరర్ కదా! ఉగాది ప్రోగ్రామ్‌కి ఒక డ్రామా రాసివ్వండి. ఫుల్ కామెడీ ఉండాలి. లాస్ట్‌లో చిన్న మెసేజ్ ఉండాలి. హాఫెనవర్ దాటొద్దు. ఆ తర్వాత కిడ్స్ డాన్సులున్నయ్."

నెత్తిన పాలు పోసినట్టయింది. ఆ ఊళ్లో అప్పటిదాకా నేను ఫలానా ఆయన వైఫ్‌ని. సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి వచ్చేసరికి మొదటి సీన్ అయిపోయింది, అన్నం మాత్రం కాలేదు.

నా కథానాయకుడు రిటైరైన పెద్దమనిషి. ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటాడు. బెడ్రూమ్‌లో హీటర్ పక్కన కరివేపాకు చెట్టు పెంచుతుంటాడు. కుండీ మీద చేయి వేసి కూనిరాగాలు తీస్తాడు. ఎవరైనా ఒక్క రెబ్బ అడిగితే "పోయిందమ్మా, చలికి" అని కండువాతో కళ్లొత్తుకుంటాడు. పాట్‌లక్‌కి అందరూ తలో వంటకం తెస్తే తను చిప్స్ ప్యాకెట్ తెచ్చి, వెళ్లేటప్పుడు గుత్తివంకాయ ట్రే పట్టుకెళ్తాడు. వాడి స్వార్థం రాస్తుంటే ఎంత సుఖంగా ఉందో చెప్పలేను. నా కడుపులో ఉన్నదంతా వాడి నోట పలికించాను.

వాణ్ణి మంచివాణ్ణి చేసే దగ్గర కలం ఆగిపోయింది. చివరికి పెద్ద మంచు తుఫాను ఒకటి రప్పించి, పక్కింటి గర్భిణి చేత రెండు కన్నీటి బొట్లు కార్పించి, ఐదో సీన్లో వాడి చేత చెట్టే దానం చేయించేశాను. మా ఆయన చదివారు.

"ఏమోయ్, నాలుగో సీన్ దాకా ఆకు రాల్చనివాడు ఐదో సీన్లో చెట్టు ఇచ్చేశాడేంటి? మధ్యలో వీడికేమైనా జ్వరం తగిలిందా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "మీకు నాటకాల గురించి ఏం తెలుసు?" అని కసిరాను. ఆయన తల వంచుకుని అన్నం తింటున్నారు. ఆ తల వంచుకోవడంలోనే ఆయన మాట నిజమని నాకు తెలిసిపోయింది. చెడ్డవాడు ఒక్క గంతులో మంచివాడైతే ఎవరు నమ్ముతారు? బియ్యం పొయ్యి మీద పెట్టగానే అన్నమవుతుందా?

మళ్లీ మొదలుపెట్టాను. రెండో సీన్లో గర్భిణి పులిహోర తినాలనుందని ఒక రెబ్బ అడుగుతుంది. వీడు మామూలుగానే అబద్ధమాడి పంపేస్తాడు. కానీ నిద్ర పట్టదు. దొంగలా వెళ్లి ఆమె తలుపు కింద నుంచి ఒక్క రెబ్బ తోసి వస్తాడు. వచ్చాక ఛీ, అనవసరంగా ఇచ్చానే అని ఏడుస్తాడు. మూడో సీన్లో ఆ పిల్ల ఆ రెబ్బ ఎదురింటివాళ్లు పెట్టారనుకుని వాళ్లకి లడ్డూలు పంచుతుంది. వీడికి కడుపు మండిపోతుంది. నా కరివేపాకు, వాళ్లకి లడ్డూలా! ఆ అసూయతో నాలుగో సీన్లో అందరూ చూస్తుండగా రెబ్బలు పంచుతాడు, పొగడ్తల కోసం. పొగిడించుకుంటూ పొగిడించుకుంటూ వాళ్ల వంటలు తిని, వాళ్ల పిల్లల పేర్లు తెలుసుకుని, తనకి తెలియకుండానే వాళ్లలో కలిసిపోతాడు. ఆఖరి సీన్లో కుండీని కింద లాబీలో పెట్టి ఒకే ఒక్క మాట అంటాడు: "ఇది మన చెట్టు."

మొదటి నాలుగు సీన్లలో వాడు "నా చెట్టు, మా చెట్టు" అని తప్ప అనడు. "మన" అనే మాట ఆఖరికి ఒక్కసారే వస్తుంది. ఆ ఒక్క మాట కోసమే నాటకమంతా రాశానని నేను మురిసిపోయాను. స్క్రిప్టు టైప్ చేసి సంఘం వాళ్లందరికీ ఈమెయిల్ చేశాను.

మర్నాటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి.

"మా గెస్ట్ బాత్రూమ్‌లో చెట్టుందని మీకెవరు చెప్పారండీ?" అని ఒకావిడ.

"మా చిన్నది నోరు జారిందా? ఆ పిల్ల నోట్లో నువ్వు గింజ నానదు" అని ఇంకొకావిడ.

ఒకాయన మరీను. "మీరు హీటర్ పెడతారని రాశారు. మేము పెట్టేది హ్యుమిడిఫైయర్ అండీ, గాలికి తేమ పట్టించేది. రాసేటప్పుడు కరెక్ట్‌గా రాయాలి కదా!"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నారని చిన్నప్పుడు వినడమే. ఇప్పుడు కళ్లారా, కాదు, చెవులారా అనుభవమైంది. నేను ఎవర్నీ చూసి రాయలేదని ఒట్లు పెట్టుకున్నాను. ఎవరూ నమ్మలేదు. కథానాయకుడి వేషం వేయడానికి మాత్రం ఒక్కడూ ముందుకు రాలేదు. అప్పుడు డాక్టర్ గారు కబురు చేశారు, ఒకసారి ఇంటికి రమ్మని.

డాక్టర్ గారంటే మా వాళ్లందరికీ పెద్ద దిక్కు. డెబ్బైల్లో వచ్చి, గుండె జబ్బులకి వైద్యం చేసి చేసి రిటైరయ్యారు. పక్క ఊరు నేపర్విల్ పొలిమేరలో పెద్ద ఇల్లు, ఇంటి కింద కల్యాణమండపమంత బేస్‌మెంట్. మనిషి మంచివారే, కాకపోతే రెండు అలవాట్లు. ఒకటి, ప్రతి మాటా "మేము వచ్చిన రోజుల్లో" అని మొదలుపెట్టడం. "మేము వచ్చిన రోజుల్లో పెరుగు కూడా లేదమ్మాయ్. మీకేం, అన్నీ అమిరిపోయాయి." ఆ "మేము"లో మేమెవ్వరం లేము. రెండో అలవాటు, ఎదుటివాళ్ల తెలుగు దిద్దడం. తెలుగు పాఠాలు చెప్పిన నన్నే "కూర్చోండి అనాలి, కూచోండి కాదు" అని దిద్దిన మహానుభావుడు.

వెళ్లేసరికి నా స్క్రిప్టు చేతిలో పట్టుకుని ఉన్నారు.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఏదండీ?"

"మేడ మీద గదిలో చెట్టు సంగతి. పోనీ అది ఎవరైనా చెప్పారనుకుందాం. కుండీ మీద చేయి వేసి కూనిరాగం తీస్తానని ఎలా తెలిసింది? ఆ సంగతి మా ఆవిడకే తెలియదు!"

"తెలుసు" అన్నారు వంటింట్లోంచి వాళ్లావిడ, మా అందరికీ ఆంటీ.

ఊహించి రాసింది ఊహించినట్టు ఒక మనిషిలో దొరికితే రాసినవాళ్లకి ఎంత గర్వంగా ఉంటుందో ఆ రోజు తెలిసింది. పైకి మాత్రం బిక్కమొహం వేశాను. ఆయన గొంతు సవరించుకుని, "ఈ వేషం నేనే వేస్తాను" అన్నారు.

నేను నోరు తెరిచాను.

"ఏవిటలా చూస్తావ్? ఇంకొకడు వేస్తే నన్ను చూసి వేశాడంటారు. నేనే వేస్తే నటన అంటారు. కానీ ఒక కండిషన్. వాడు మొదటి నుంచీ మంచివాడిగా ఉండాలి."

"మొదటి నుంచీ మంచివాడైతే ఇక నాటకమెందుకండీ? స్టేజి మీద ఫోటో పెట్టి దండ వేసేద్దాం!"

అనకూడని మాటే. నా నోటి దురుసు అలాంటిది. వంటింట్లోంచి ఆంటీ నవ్వు వినబడకపోతే ఆ రోజు నా నాటకం అక్కడే ముగిసిపోయేది.

అప్పట్నుంచి బేరాలు. "పోనీ చిన్నప్పుడు కష్టాలు పడ్డాడని ఒక ఫ్లాష్‌బ్యాక్ పెట్టు." పెట్టను. "అబద్ధమాడేటప్పుడు మనసులో బాధపడుతున్నట్టు వెనకాల వయొలిన్ వేయించు." వేయించను. "చివర్లో వచ్చే మంచితనంలో కొంచెం అడ్వాన్స్‌గా ఇవ్వు." జీతమనుకున్నారా అడ్వాన్స్ ఇవ్వడానికి! సంఘం అధ్యక్షుడు మధ్యలో నలిగిపోయి, "ఇద్దరూ ఒక మాట మీదికి రాకుంటే డ్రామా తీసేసి టెన్ మినిట్స్ స్కిట్ పెడ్తా" అని బెదిరించాడు.

బేరం తెగకుండానే బేస్‌మెంట్‌లో రిహార్సల్స్ మొదలయ్యాయి. శనివారం మధ్యాహ్నాలు, తలుపు దగ్గర మంచు కారుతున్న బూట్లు, ఆంటీ ఇచ్చే అల్లం టీ. ఇక మా కథానాయకుడి సంగతి చెప్పాలి. చెడ్డతనం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. "పోయిందమ్మా... చలికి" అని కండువా తీశారంటే బేస్‌మెంట్ అంతా గప్‌చుప్. అందరూ నేల చూపులే. ఆ మాట ఆ గొంతుతో ఆయన నోట విననివాళ్లు అక్కడ ఒక్కరూ లేరు మరి.

మంచితనం దగ్గరికొచ్చేసరికి మనిషి కొయ్యబారిపోయేవారు. పౌరాణికాల్లో దేవుడిలా కుడిచెయ్యి ఎత్తి, కళ్లు అరమోడ్చి నిలబడేవారు.

"డాక్టర్ గారూ, మీరు మంచివారయ్యారు, అంతే. దేవుడవలేదు. చెయ్యి దించండి."

చెయ్యి దించితే ఇంకో చిక్కు. ఆఖరి డైలాగు ఎప్పుడు చెప్పినా "ఇది మా చెట్టు" అనేసేవారు.

"మా కాదండీ, మన!"

"అదే కదా అన్నాను. మా చెట్టు."

"అయ్యో రామా! మా చెట్టంటే ఎవరూ ముట్టుకోవద్దని. మన చెట్టంటే అందరూ రండని. ఈ రెంటి మధ్యనే కదండీ నా నాటకమంతా ఉంది!"

"తెలుసమ్మాయ్. మాకు తెలుగు నేర్పకు."

అదిగో, మళ్లీ "మాకు"! నేను జుట్టు పీక్కున్నాను.

ఒక శనివారం రిహార్సల్ అయ్యాక గిన్నెలు కడగడానికి సాయం చేస్తుంటే ఆంటీ అసలు సంగతి చెప్పారు.

వాళ్లకి ఒక్కతే కూతురు. ఇక్కడే పుట్టింది. ఇప్పుడు ఎక్కడో దూరాన సన్నీవేల్‌లో ఇంజనీరు, పెళ్లయింది. చిన్నప్పుడు తెలుగులో గలగలా మాట్లాడేదట. అయితే ఇంగ్లీషులో ఉన్నది ఒకే ఒక "అవర్" కదా! ఆ పిల్లకి మా, మన తేడా తెలిసేది కాదు. ఎవరి దగ్గరైనా "మన మమ్మీ, మన డాడీ, మన బెడ్రూమ్" అనేదట. ఒకసారి ఇంటినిండా జనం ఉన్నప్పుడు అలాగే అంటే అందరూ పగలబడి నవ్వారు. డాక్టర్ గారికి తలకొట్టేసినట్టయింది. కూతుర్ని అందరి మధ్యలో నిలబెట్టి, "మా డాడీ అను. మళ్లీ అను. మళ్లీ" అని అనిపించారు. పిల్ల ఏడుస్తూనే అంది. ఆ తర్వాత ఆయనతో తెలుగు మాట్లాడటం మానేసింది.

"నాతో మాట్లాడుతుందమ్మా, వచ్చీరాని తెలుగులో. ఆయనతో మాత్రం ఇంగ్లీషే. హాయ్ డాడ్, ఓకే డాడ్, బై డాడ్. ఆయన ఫోన్ దగ్గర కూర్చుని ఇంకేమైనా అంటుందేమోనని చూస్తారు. ఈ ఉగాదికి రమ్మని, నాటకం వేస్తున్నానని బతిమాలితే వస్తానంది. దానికి తను మంచివాడిగా కనబడాలని ఆయన తాపత్రయం. నువ్వేమో రెండు చేతులా చెడ్డతనం అంటగడుతున్నావు."

నా నోరు పడిపోయింది. అంత పెద్ద నోరు ఒక్కసారిగా పడిపోతే ఏం చేయాలో కూడా తెలియలేదు. ఇంటికొచ్చి కన్నీళ్లు పెట్టుకున్నాను. వెధవ నాటకం, వెధవ కరివేపాకు, ఒక తండ్రి ఆశకి నేను అడ్డుపడటమేంటి అనుకుని మొదటి సీన్ మార్చి రాశాను. అందులో వాడు చెట్టు పోయిందని అబద్ధమాడడు. "ఉందమ్మా, కానీ నీరసంగా ఉంది, కోలుకోగానే ఇస్తాను" అంటాడు. మా ఆయనకి చూపించాను.

"బాగుంది" అన్నారు. ఆ గొంతు నాకు తెలుసు. ఉప్పు మర్చిపోయిన పప్పు తిన్నప్పుడు కూడా అదే గొంతుతో బాగుందంటారు.

మళ్లీ చదివాను. నిజంగానే ఉప్పులేని పప్పు. మొదట్లోనే మంచివాడైపోయిన ఆ మనిషికి ఆఖరి సీన్లో అనడానికి ఏమీ మిగల్లేదు. "మన చెట్టు" అన్నా ఒకటే, "వాతావరణం బాగుంది" అన్నా ఒకటే.

మర్నాడు మా ఆయన్ని కార్లో దింపమని అడిగి డాక్టర్ గారింటికి వెళ్లాను. ఆయన బేస్‌మెంట్‌లో ఒంటరిగా నిలబడి ఆఖరి డైలాగు ప్రాక్టీస్ చేసుకుంటున్నారు. "ఇది మా... ఇది మా..." నన్ను చూసి తడబడ్డారు.

"డాక్టర్ గారూ, ఒక్క మాట అడుగుతాను, కోప్పడకండి. మొదట్లో మీరు చెడ్డగా కనబడకపోతే, చివర్లో మారినట్టు మీ అమ్మాయికి ఎలా తెలుస్తుందండీ?"

ఆంటీ చెప్పేశారని ఆయనకి అర్థమైంది. సోఫాలో కూర్చుని కండువా మడతలు పెట్టారు, విప్పారు.

"అది నన్ను ఇప్పటికే చెడ్డవాణ్ణనుకుంటోందమ్మాయ్. స్టేజి ఎక్కి మరీ ఔనని చెప్పనా?"

"చెప్పండి. ఔనని చెప్పాక మిగతా నాలుగు సీన్లూ వింటుంది."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నటన కాదు, కండువా మడత పెట్టి పక్కనే ఉంది, ముట్టుకోలేదు.

"అయితే మొదటి సీన్లో ఇంకో రెండు అబద్ధాలు పెట్టు."

ఉగాది ప్రోగ్రామ్ కోసం ఒక హైస్కూల్ ఆడిటోరియం అద్దెకి తీసుకున్నారు. ఆ రోజు బయట కరిగీ కరగని మంచు, లోపల కాగితం కప్పుల్లో ఉగాది పచ్చడి, పట్టుచీరల మీద చలికోట్లు. మేకప్ రూమ్‌లో నేను డాక్టర్ గారికి మీసాలు అతికిస్తుంటే ఆయన కూతురు వచ్చింది. చూడగానే డాక్టర్ గారి ముక్కు. నాకంటే వయసులో పెద్దదే. వచ్చీ రావడంతో నాకు నమస్కారం పెట్టి, "హాయ్ ఆంటీ!" అంది.

ఆంటీ! నన్ను! చీర కట్టుకుంటే చాలు, వీళ్లకి అందరూ ఆంటీలే. పళ్లు బిగించుకుని నవ్వాను.

"ఒక్కదానివే వచ్చావామ్మా?"

"యా ఆంటీ. మన హస్బెండ్ రాలేదు. మన హస్బెండ్‌కి వర్క్ ఉంది."

గదిలో ఉన్న ఆడవాళ్లందరూ కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఒకావిడ అయితే మొహం గోడకేసి తిప్పుకుని నవ్వింది. కుర్చీలో సగం మీసంతో ఉన్న డాక్టర్ గారు దిగ్గున లేచారు. "మా హస్బెం..." అనేశారు అలవాటుగా. అంతే. ఆ పిల్ల మొహం తలుపు వేసినట్టు మూసుకుపోయింది. "బ్రేక్ ఎ లెగ్, డాడ్" అని ఇంగ్లీషు పద్ధతిలో శుభం పలికి బయటికి వెళ్లిపోయింది. ఆయన సగం మీసంతో అలాగే కూర్చుండిపోయారు. నాకు ఆయన మీద జాలేసింది, ఆయన్ని నాలుగు తిట్టాలనీ అనిపించింది. మీసం రెండో సగం అతికించి ఊరుకున్నాను.

తెర లేచింది. నేను స్టేజి పక్క తెర చాటున, మా ఆయన డైలాగులు అందించడానికి తెర వెనకాల స్టూలు మీద. స్టేజి మధ్యలో డాక్టర్ గారి అసలు కరివేపాకు చెట్టు, నిగనిగలాడుతూ. ఆంటీ పట్టుబట్టి మేడ మీద నుంచి దింపించారు. చచ్చిపోయిందన్న చెట్టుని చూసి ముందు వరసల్లో గుసగుసలు బయల్దేరాయి. "పోయిందమ్మా... చలికి" అని ఆయన కండువా తీసేసరికి హాలు హాలంతా ఘొల్లుమంది. భుజాలు తడుముకున్నవాళ్లే అందరికంటే గట్టిగా నవ్వారు. రెండో వరసలో కూతురు కూడా నోరారా నవ్వడం నేను చూశాను. ప్రతి అబద్ధానికీ నవ్వింది. తలుపు కింద రెబ్బ తోసినప్పుడు మాత్రం నవ్వలేదు, ముందుకి వంగి చూసింది.

ఆఖరి సీన్. డాక్టర్ గారు కుండీ ఎత్తుకుని లాబీలోకి వచ్చారు. కింద పెట్టారు. చుట్టూ అందరూ నిలబడ్డారు. చెయ్యి పైకెత్తలేదు, బతికిపోయాను.

"ఇది మా..."

ఆగిపోయారు. తెర వెనక్కి చూశాను. మా ఆయన చేతిలో స్క్రిప్టు లేదు, పులిహోర ప్లేటు ఉంది. డాక్టర్ గారు పెదవులు కదుపుతున్నారు, మాట రావడం లేదు. దగ్గులు, కుర్చీల చప్పుళ్లు. నా నాటకం నట్టేట మునిగిందనుకున్నాను.

"మన, డాడీ! మన!"

రెండో వరసలో ఆమె లేచి నిలబడి ఉంది. హాలంతా నవ్వులు. డాక్టర్ గారు లైట్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆమె వైపు చూశారు. నవ్వులు తగ్గేదాకా ఆగారు.

"మన" అన్నారు. "ఇది మన చెట్టు. ఈ మాట మా అమ్మాయి నాకు చిన్నప్పుడే చెప్పిందండీ. నేనే తప్పని దిద్దాను."

అది నా స్క్రిప్టులో లేదు! నా నాటకం చివర నేను రాయని డైలాగు! జనం అదీ నాటకంలోదే అనుకుని లేచి చప్పట్లు కొట్టారు. నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. అంత మంచి మాట నాకెందుకు తట్టలేదా అని కోపం. ఏడుపు ఎందుకో చెప్పక్కర్లేదు.

తెర పడగానే ఇంకో ప్రళయం. అధ్యక్షుడు మైకులో "ప్లీజ్, కిడ్స్ డాన్స్ స్టార్టవుతుంది" అని మొత్తుకుంటుంటే ఆడవాళ్లు స్టేజి మీదికి ఎక్కేశారు. "మన చెట్టే కదా!" అంటూ తలా ఒక రెబ్బ, తలా ఒక కొమ్మ. హ్యుమిడిఫైయర్ ఆయన కూడా జేబులో రెండు రెబ్బలు పెట్టుకోవడం నా కళ్లతో చూశాను. నేను చేరేసరికి కుండీలో ఈనెపుల్లల్లాంటి నాలుగు పుల్లలు మిగిలాయి. నాటకం రాసినదాన్ని, ఆ రోజు కూడా నాకు కరివేపాకు దక్కలేదు.

ఆ బోడి కుండీ పక్కన డాక్టర్ గారు మీసం పీక్కుంటూ నిలబడ్డారు. కూతురు మెట్లెక్కి వచ్చింది. తండ్రీ కూతుళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. ఆమె నా వైపు తిరిగింది. మొహమంతా తడి.

"ఆంటీ, మన డాడీ బాగా చేశారు కదా?"

డాక్టర్ గారి నోరు తెరుచుకుంది. దిద్దొద్దు మహాప్రభో, ఈ ఒక్కసారికి దిద్దొద్దు అని మనసులో దణ్ణం పెట్టుకున్నాను. ఆయన నోరు తెరిచినది తెరిచినట్టే కాసేపు ఉండి, మెల్లగా మూసుకుంది. ఊడిన మీసం చేతిలో పట్టుకుని నా జవాబు కోసం నా వైపే చూస్తున్నారు.

"అవునమ్మా" అన్నాను. "మన డాడీ చాలా బాగా చేశారు."

ఆంటీ అన్నందుకు ఆ పిల్లని ఆ రోజుకి క్షమించేశాను.